పెద్ద మేస్త్రి చొక్కా మీద చుక్క

అప్పట్లో ఈ ఉక్కు కార్ఖానా ఊళ్ళో, మా బిర్సానగర్‌లో పగటిపూట వెలుగు కావాలంటే వీధిలోకి వచ్చి కూర్చోవాల్సిందే. బియ్యంలో రాళ్ళు ఏరుకోవడం, తలలో పేలు చూసుకోవడం, కాల్లో ముల్లు తీసుకోవడం, అత్తల మీద చాడీలు చెప్పుకోవడం, అన్నీ గడప బయటే. ఇళ్ళు అలా ఉండేవి మరి. ఒకరి గోడకి ఇంకొకరు గోడ ఆనించి కట్టుకున్నారు, కిటికీ పెట్టాలంటే పక్కింటివాళ్ళ వంటింట్లోకే పెట్టాలి. ఇప్పటి పిల్లలు గదికో లైటు, లైటుకో రంగు అంటున్నారు గానీ, పట్టపగలు ఇంట్లో తన చెయ్యి తనకి కనపడటం ఎంత పెద్ద సంగతో వాళ్ళకి తెలీదు. నాకు తెలుసు. మా ఇంటి నడిమింట్లోకి వెలుగు తెచ్చింది నేను. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. గొప్ప చెప్పుకోవడానికి నా బతుకులో ఎక్కువేం లేవు, ఉన్న ఒకటీ రెండూ వదులుకోను. (అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి, మా కోడలు నేర్పింది. రాతలో తప్పులుంటే అవి నావి, నేర్పిన పిల్లవి కావు.)

మా ఆయన కార్ఖానా షెడ్ల మీద రేకులు బిగించే కాంట్రాక్టు పనిలో ఉండేవాడు. నేను శ్రీకాకుళం పక్క నుంచి పెళ్ళయి వచ్చిన ఆరో నెలకే రేజా పనికి పోయాను. రేజా అంటే ఇటుకలూ సిమెంటు మాలూ తట్టతో నెత్తిన మోసి మేస్త్రికి అందించే ఆడకూలి. మా ముఠాకి పెద్ద మేస్త్రి మా వైపు మనిషే. ఆయన రోజూ తెల్ల చొక్కా వేసుకుని పనిలోకి వచ్చేవాడు. సిమెంటు పనికి తెల్ల చొక్కా ఏమిటని మీకు అనిపించొచ్చు, అదే ఆయన గొప్ప. పొద్దున్న నీలిమందూ గంజీ పెట్టి ఆరేసిన చొక్కా వేసుకొచ్చి, పొద్దుగూకేదాకా గోడ కట్టి, ఒక్క చుక్క మాలు మీద పడకుండా ఇంటికి పోయేవాడు. నేను రెండేళ్ళు ఆయనకి తట్ట అందించాను. నెత్తి మీద తట్ట, కళ్ళు మాత్రం ఆయన తాపీ మీద. అన్నాల వేళ ఆయన అటు తిరగ్గానే తాపీ తీసి వెనకవైపు నాలుగు ఇటుకలు పేర్చేదాన్ని. ఒకరోజు చూడనే చూశాడు. తిట్టలేదు. తాడు వేసి చూసి, వంకర లేదని తెలుసుకుని, అప్పుడు ముఖం చిట్లించాడు. నాకూ తాపీ పని ఇప్పించమని అడిగేశాను. ఈ ఊళ్ళో ఆడది తాపీ పట్టడం తాను ఎక్కడా చూడలేదన్నాడు. చూడకపోతే ఇప్పుడు చూడమన్నాను (నోరు అప్పుడూ ఇంతే). దానికి ఆయన, "నువ్వు తాపీ పడితే నాకు తట్ట ఎవులు మోత్తారమ్మా?" అన్నాడు. కనీసం నిజం చెప్పాడు కదా అని ఆ రోజుకి ఊరుకున్నాను.

అలా ఉండగా మా ఇంటికి పెంకులు తీసేసి శ్లాబు వేద్దామని మా ఆయన అన్నాడు. మా వీధిలో అదే మొదటి శ్లాబు. మా అత్త నేల మీద నిలవలేదు. పాలవాడికి, చాకలికి, దారిన పోయే కొత్తవాళ్ళకి కూడా మా ఇంటికి శ్లాబు పడుతోందని చెప్పింది. నేనూ సంతోషపడ్డాను, పెంకులు దించేదాకా. పెంకులు దించిన రోజున నడిమింట్లో నిలబడి పైకి చూస్తే ఆకాశం కనపడింది, అప్పుడు తెలిసింది నాకు. పెంకుటింట్లో వాన కారేది, ఎలుకలు పరిగెత్తేవి, నిజమే. కానీ పెంకుల సందుల్లోంచి వెలుగు కూడా చారలు చారలుగా పడేది. శ్లాబు వేస్తే ఆ చారలు కూడా పోతాయి. ముందు గదికి వీధి గుమ్మం ఉంది, వెనక వంటింటికి దొడ్డి గుమ్మం ఉంది, మధ్యలో ఉన్న నడిమిల్లు జుగ్సలాయి బజారు గోడౌనులా అయిపోతుంది. అప్పటికే అన్నంలో రాయి తగిలితే నా కళ్ళు మంచివి కావని అత్త అనేది, పప్పులో పురుగు కనపడితే నా పెంపకం మంచిది కాదనేది. ఇంకా చీకటి పడితే ఇంకేమంటుందో.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెప్పాను, శ్లాబులో ఒక పక్క మూడడుగుల చిల్లు వదిలి అద్దం పెడదామని. అత్త ముద్ద నోటి దగ్గర ఆపి నా వైపు చూసింది. "ఏటే, ఇన్నాళ్ళు సిల్లుల కొంపలో ఉండి, ఇప్పుడు కొత్త శ్లాబుకి నువ్వే సిల్లు ఎడతావా?" అంది. మా ఆయన తల వంచుకుని తిన్నాడు. తర్వాత దొడ్లో చేతులు కడుక్కుంటూ, కార్ఖానా షెడ్లలో కూడా పైనుంచే వెలుగు వస్తుందని, మధ్యమధ్య వెలుగు రేకులు తానే బిగించాడని, నేను చెప్పింది సబబేనని నాతో మెల్లగా అన్నాడు. ఆ మాట లోపలికొచ్చి మీ అమ్మతో చెప్పమన్నాను. నలభై అడుగుల షెడ్డు మీద తాడు లేకుండా నడిచే మనిషి, ఆ పదడుగులు నడవలేకపోయాడు.

ఎదురింట్లో ఒక అప్ప ఉండేది (అప్ప అంటే మా వైపు అక్క). ఎవరు ఏ పని మొదలెట్టినా ముందు వద్దనేది గనక వీధంతా ఆమెని వద్దప్ప అని పిలిచేవారు. ఆమె పలికేది కూడా. సంగతి తెలియగానే వద్దప్ప వచ్చి మూడు రోజులు మా గడప మీద కూర్చుని అద్దం వల్ల రాబోయే ఆపదలన్నీ చెప్పింది. వానొస్తే కారుతుంది. ఎండాకాలం నడిమిల్లు పెనం అవుతుంది. కోతులొచ్చి అద్దంలో ముఖాలు చూసుకుంటాయి. దొంగ పైనుంచే దిగుతాడు, పాపం వాడికి తలుపు విరిచే శ్రమ కూడా ఉండదు. వడగళ్ళు పడితే కూరలో గాజుపెంకులు. గాలిపటాలు ఎగరేసేవాళ్ళు పైనుంచి చూసి ఈ ఇంట్లో ఈ రోజు ఏ కూర వండారో ఊరంతా చెబుతారు. ఇవేవీ జరక్కపోయినా కార్ఖానా దుమ్ము పడి నెల తిరిగేసరికి అద్దం నల్లబడుతుంది. నిజం చెప్పాలంటే ఆమె చెప్పిన వాటిలో సగం నిజాలే, అందుకే నాకు అంత ఒళ్ళు మండింది. నోటితో అన్నీ కొట్టిపారేశాను గానీ ఒక్కొక్కటీ మనసులో పెట్టుకున్నాను. దొంగకి అడ్డంగా లోపల ఇనుప చువ్వలు. ఎండకి వేసవిలో పైన గోనెపట్టా. దుమ్ముకి ఆదివారం ఆదివారం చీపురు. కోతులకి మాత్రం ఏం చెయ్యాలో తోచలేదు, చూసుకుంటే చూసుకోనీ అనుకున్నాను. మిగిలింది ఒక్కటే, కారడం. అది నా చేతి పని మీద ఉంది.

శ్లాబు పోసేది పెద్ద మేస్త్రి ముఠానే. ఆయన కొలతలకి వచ్చినప్పుడు అత్త నా మీద ఫిర్యాదు పెట్టింది, ఆయన కూడా నన్ను కేకలేస్తాడని. ఆయన నడిమింట్లో నిలబడి నాలుగు గోడలూ చూశాడు. తర్వాత మా అందరి ముందూ, "సిల్లు ఒగ్గుతాను. సుట్టూ గోడ నువ్వే కట్టాల, అద్దం నువ్వే కూకోబెట్టాల. ఎవుల చెయ్యీ పడకూడదు. పుష్యంలో బారిడీహ్‌లో క్వార్టర్ల పని ఎత్తుతన్నాను, ఒక మేస్త్రి తక్కువున్నాడు. ఒక్క సుక్క కారిందంటే నీకు జన్మంతా తట్టే. కారకపోతే తాపీ" అన్నాడు. ఆయన నన్ను వదిలించుకోవడానికే అన్నాడని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం నాకు కాళ్ళ కింద నేల గట్టిగా తగిలింది. అత్త వెంటనే, కారితే తను బారిడీహ్‌లో ఉన్న కూతురింటికి పోతానని, మళ్ళీ ఈ గడప తొక్కనని కూడా చెప్పేసింది. అంటే ఒక్క చుక్క మీద నా తాపీ, మా అత్త కాపురం రెండూ వేలాడుతున్నాయన్నమాట. (అత్త పోతే పోనీ అని ఎవరైనా అనుకోవచ్చు. నేనూ ఒక నిమిషం అనుకున్నాను. కానీ తాపీ కావాలి కదా.)

అద్దం కోసం మా ఆయనా నేనూ జుగ్సలాయి తుక్కు దుకాణాలకి పోయాం. మామూలు కిటికీ అద్దం నాకు వద్దు. లారీలు తయారయ్యే ఊళ్ళో ఉండి వడగళ్ళకి భయపడటం ఏమిటని, లారీ ముందు అద్దం కావాలన్నాను. రోడ్డు మీద రాయి ఎగిరి తగిలినా ఓర్చుకునే అద్దం వడగళ్ళని లెక్కచేస్తుందా. అప్పటి లారీలకి ముందు అద్దం రెండు పలకలుగా ఉండేది, మాకు ఒక పలక దొరికింది. దాన్ని రిక్షాలో మా ఇద్దరి ఒళ్ళో నిలబెట్టి పట్టుకుని ఇంటికి బయలుదేరాం. ఎదురుగా వచ్చేవాళ్ళకి మేమిద్దరం లారీ లేకుండా లారీ నడుపుతున్నట్టు కనపడి ఉంటాం. సాక్చీ దగ్గర ఒక నిజం లారీ డ్రైవరు బండి నెమ్మది చేసి, హారను కొట్టి, దారి ఇచ్చి సలాం పెట్టాడు. మా ఆయన సిగ్గుతో ముఖం పక్కకి తిప్పుకున్నాడు. నేను తిరిగి సలాం పెట్టాను.

శ్లాబు పోసి నీళ్ళు కట్టి ఆరాక నా పని మొదలైంది. ఆ పని గురించి కొంచెం చెప్పనివ్వండి, ఇంత దూరం వచ్చారు కదా. చిల్లు చుట్టూ జానెడు ఎత్తు గోడ కట్టాను. ఒక వైపు నాలుగు వేళ్ళు ఎత్తు ఎక్కువ పెట్టాను, నీళ్ళు అద్దం మీద నిలవకుండా జారిపోవాలని. శ్లాబుకీ గోడకీ కలిసే మూల ఉంటుంది చూడండి, నీళ్ళు దూరేది అక్కడే, అందుకని గోడ కట్టకముందే శ్లాబుని ఉలితో గాట్లు పెట్టి, గోడ అడుగు వరసని ఆ గాట్లలోకి దించాను. అది నాకెవరూ చెప్పలేదు. రెండేళ్ళు తట్ట మోస్తూ కారిన ఇళ్ళ మరమ్మతు చూసి చూసి నేర్చుకున్నది. అద్దాన్ని తారులో ముంచిన గోనెపేలికల మీద కూర్చోబెట్టి, అంచులు గోడ దాటి రెండు వేళ్ళు బయటికి వచ్చేలా పెట్టి, చుట్టూ సిమెంటుతో కప్పేశాను. మా ఆయన తారు డబ్బా పట్టుకుంటానని వచ్చాడు. ఎవరి చెయ్యీ పడకూడదన్నారని కిందకి పంపేశాను.

మర్నాడు సాయంత్రం వద్దప్ప లెక్కలో లేని ఆపద వచ్చింది. చీకటి పడే వేళ కార్ఖానా వాళ్ళు కొలిమిలో కరిగిన ఇనుము మీద తేలే మడ్డిని మండుతుండగానే తెచ్చి గుట్టల మీద పోసేవారు, అప్పుడు ఆకాశం సగం ఎర్రగా వెలిగేది. ఈ ఊళ్ళో పుట్టిన పిల్లలకి అది సూర్యాస్తమయంతో సమానం, ఎవరూ తలెత్తి చూడరు. కానీ మా నడిమింట్లోకి అది ఎప్పుడూ రాలేదు కదా. అత్త నడిమింట్లో దేవుడి పటం ముందు కూర్చుని ఉంది. నెత్తి మీద నుంచి గది మొత్తం ఒక్కసారిగా ఎర్రబడింది. ఇల్లు అంటుకుపోనాదని ఒకే ఒక్క అరుపు అరిచి, బిందె ఎత్తి మంట ఉందనుకున్న వైపు విసిరేసింది. ఆ వైపున మా ఆయన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి చొక్కా విప్పుకుంటున్నాడు. వీధి వీధంతా బకెట్లతో వచ్చేసింది. వచ్చినవాళ్ళు తడిసిన మా ఆయన్ని చూశారు, పైకి చూశారు, ఎర్రగా వెలుగుతున్న అద్దాన్ని చూసి నోళ్ళు తెరిచి నిలబడిపోయారు. అంత అందం వాళ్ళ ఊరి ఆకాశంలోనే ఉందని వాళ్ళకి తెలీదు. నన్ను నాలుగు తిట్టడానికి నోరు తెరిచిన అత్త, వాళ్ళ ముఖాలు చూసి తిట్టు మింగేసింది. ఆ మర్నాటి నుంచి సాయంత్రం అయ్యేసరికి వీధి ఆడవాళ్ళని పిలిచి నడిమింట్లో చాప వేసి కూర్చోబెట్టేది. ఎర్ర వెలుగు మా ఇంటికే వచ్చి పోతుందని, మిగతావాళ్ళ ఇళ్ళకి పోదని చెప్పేది. కారితే కూతురింటికి పోతానన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

పుష్యం వచ్చింది. వానాకాలం దాకా ఆగడానికి లేదు, బారిడీహ్ పని మొదలయ్యేది రెండు రోజుల్లో. అందుకని మేస్త్రీలు కొత్త శ్లాబుని పరీక్ష చేసే పద్ధతే నేనూ పెట్టాను. శ్లాబు అంచుల్లో మట్టి కట్టలు కట్టి నీళ్ళు నిలపడం అందరూ చేసేదే, నేను అద్దం చుట్టూ, గోడ పైన కూడా బంకమట్టితో గట్టు వేసి, అద్దమే నాలుగు వేళ్ళ లోతు మునిగేలా నీళ్ళు పోశాను. ముందు రోజు పొద్దున్న పోసినవి, మర్నాటికి కూడా అలాగే ఉన్నాయి. కింద ఒక్క తడి మచ్చ లేదు. నాకు గర్వం నెత్తికెక్కింది. పెద్ద మేస్త్రిని ఒక్కడినే పిలిస్తే సరిపోయేది, నేను వీధంతటినీ పిలిచాను.

అత్త కూడా తక్కువ తినలేదు. పెద్ద మేస్త్రి భోజనానికి వస్తున్నాడని కోడిని కోయించింది. మా వీధిలో చూలా, అంటే బొగ్గుల పొయ్యి, ముందు బయట రాజేసి, పొగంతా పోయాక ఇంట్లోకి తెచ్చుకోవడం ఆనవాయితీ. చలిరోజుల్లో దాన్ని నడిమింట్లో పెట్టుకుంటే గది వెచ్చగా కూడా ఉండేది. ఆ రోజు అత్త రెండు చూలాలు తెచ్చి, వెలుగు బాగా పడుతుందని సరిగ్గా అద్దం కిందనే పెట్టింది. ఒకదాని మీద పదిమందికి అన్నం, ఒకదాని మీద కోడికూర. మూతలు పెట్టలేదు, వచ్చినవాళ్ళకి కనపడాలి కదా.

పెద్ద మేస్త్రి పదింటికి వచ్చాడు, మల్లెపువ్వులాంటి చొక్కాలో. పైకెక్కి కట్టలు చూశాడు, అద్దం మీద నీళ్ళు చూశాడు, వేలు ముంచి చలికి చెయ్యి విదిలించాడు. కిందకి వచ్చి నడిమింట్లో నిలబడి తలెత్తాడు. పైన నీళ్ళు కదిలితే వెలుగు గోడల మీద అలలు అలలుగా కదులుతోంది. అప్పుడు ఆయన ముక్కు మీద ఒక చుక్క పడింది.

ఆయన ముక్కు తుడుచుకోలేదు. ఇంకొకటి పడింది, చెవి మీద. మూడోది కోడికూరలో పడి చుయ్యిమంది. వద్దప్ప, తను ముందే చెప్పానని పక్కావిడతో మెల్లగా అనడం వినపడింది. అత్త గరిటె కింద పెట్టి, మూల ఉన్న తన ట్రంకుపెట్టె వైపు చూసింది. మా ఆయన నా వైపు చూడలేక చూరు వైపు చూశాడు, ఇప్పుడు చూరు కూడా లేదు పాపం. పెద్ద మేస్త్రి కండువా దులుపుకుని, "ఊరుకోమ్మా, తట్ట మొయ్యడం మాత్రం తక్కువ పనేటి" అన్నాడు. ఆ ఓదార్పు విన్నాక నాకు చచ్చిపోవాలనిపించింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఏడవకుండా ఉండటానికి పైకి చూశాను. అలా చూడబట్టే కనపడింది. అద్దం అంచుల దగ్గర, గోడ చుట్టూ, ఎక్కడైతే నీళ్ళు దూరాలో అక్కడ పొడిగా ఉంది. అద్దం మధ్యలో మాత్రం చెమట పట్టినట్టు చుక్కలు, ఎన్నో, ఒకటికొకటి అంటుకుని జారుతున్నాయి. అద్దం మధ్యలో కన్నం లేదు. మరి నీళ్ళు ఎక్కడివి. కిందకి చూశాను. అన్నం తెర్లుతోంది, ఆవిరి తిన్నగా పైకి పోతోంది. అన్నం కుండ మీద చన్నీళ్ళ పళ్ళెం మూత పెడితే మూతకి అడుగున ఏం పడుతుందో ఏ ఆడదానికైనా తెలుసు. మాకు తెలియనిది, మా ఇంటి మీద నేను పెట్టింది కూడా మూతేనని.

"ఇది పైనుంచి కారతన్నది కాదు, మన అన్నం ఆవిరే" అన్నాను. నవ్వారు. నాకు రోషం వచ్చింది. అత్త గూట్లోంచి నీలిమందు పొట్లం తీసుకుని, చీర ఎగ్గట్టి నిచ్చెన ఎక్కి, పొట్లం మొత్తం అద్దం మీద నీళ్ళలో కలిపేశాను. చిటికెడు చాలు. చిటికెడు వేసే స్థితిలో నేను లేను. కిందకి దిగి పెద్ద మేస్త్రికి స్టూలు వేశాను. "ఇక్కడ కూకోండి బావు. పైనీళ్ళు కారితే మీ సొక్కా మీద నీలం సుక్క పడతాది. తెల్లగా పడితే నా గోడ నిలబడ్డట్టు" అన్నాను. ఆయన తన చొక్కా వైపు చూసుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా సిమెంటు నుంచి కాపాడుకున్న మనిషి. కానీ అందరి ముందూ మాట ఇచ్చింది కూడా ఆయనే. కూర్చున్నాడు.

చుక్క పడింది, ఎడమ భుజం మీద. అందరూ ఒక్కసారి ఆయన మీదకి వంగారు. "నీలమే" అంది మా అత్త. నీలమేనని మా ఆయన కూడా అనాల్సి వచ్చింది. నేనూ చూశాను, నీలమే. అయితే చొక్కా కూడా నీలమే. అన్నం నీలం, కోడికూర నీలం, వద్దప్ప పళ్ళు నీలం, చూలాలో బొగ్గులు కూడా ఒక రకం నీలం. పొట్లం మొత్తం పోశాను కదా, నడిమిల్లంతా నూతిలో మునిగినట్టు నీలం అయిపోయింది. నా సాక్ష్యాన్ని నా వెలుగే మింగేసింది. అంత తెలివైన దాన్ని నేను.

అప్పుడు పెద్ద మేస్త్రే లేచాడు. భుజం కదపకుండా, నిండు కుండ మోస్తున్నవాడిలా మెల్లగా నడిచి వీధిలోకి పోయాడు, వెనకాల మేమంతా. ఎండలో నిలబడ్డాడు. ఎవరు చూసినా మావాళ్ళే, ఎవరి మాటా ఎవరూ నమ్మరు. అందుకని ఆయన వద్దప్పని పిలిచాడు. వద్దప్ప ఆయన భుజం దగ్గర కళ్ళు పెట్టి చూసింది, వేలితో తడి తాకింది, వేలు ఎండకి ఎత్తి చూసుకుంది, నాలిక మీద కూడా పెట్టుకుంది. ఆమె జీవితంలో ఔనన్న మాట ఎరగదు.

"నేదు" అంది. "నీలం నేదు. గంజి రుసి ఉంది, అంతే."

ఆ గంజి అన్నం ఆవిరిదా, చొక్కాదా అని నేను ఇప్పటికీ అడగలేదు. పెద్ద మేస్త్రి ఇంట్లోకి వచ్చి చూలాలు రెండూ బయట పెట్టించాడు. అద్దం అడుగు గుడ్డతో తుడిపించి, ఆయన దాని కిందే కూర్చుని భోజనం చేశాడు, నీలం అన్నం, నీలం కూర. అంతసేపూ ఒక్క చుక్క పడలేదు. చెయ్యి కడుక్కుని గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరక్కుండానే, "రేపు ఏడింటికి బారిడీహ్ వచ్చీ. తట్ట తేకు" అన్నాడు. అత్త ఆ సాయంత్రం ట్రంకుపెట్టె మీద దుప్పటి పరిచింది. అడిగితే దుమ్ము పడకుండా అంది.

ఆ మర్నాటి నుంచి ఇరవై ఆరేళ్ళు తాపీ పట్టాను. ఈ ఊళ్ళో నేను కట్టిన గోడలు ఎన్నో ఉన్నాయి, ఒక్కటి కూడా వంకర లేదు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, అత్త పోయింది, ఇల్లు చాల్లేదు. పోయిన చలికాలం మా అబ్బాయి పై అంతస్తు ఎత్తుతానన్నాడు. నడిమింటి మీద గది పడుతుంది, అద్దం తీసెయ్యాలి. నన్ను అడిగే ధైర్యం లేక కోడలి చేత అడిగించాడు (వాళ్ళ నాన్న కొడుకే). తియ్యమన్నాను.

ఇద్దరు కుర్ర మేస్త్రీలు వచ్చి పొద్దున్న మొదలెట్టారు. మధ్యాహ్నం దాకా సుత్తితో కొట్టారు. సిమెంటు పెచ్చులు లేచాయి గానీ గోడ కదల్లేదు. నేను మెట్ల దగ్గర కుర్చీ వేయించుకుని వింటూ కూర్చున్నాను. వాళ్ళలో పెద్దవాడు విసిగిపోయి, "కౌన్ మిస్త్రీ థా యార్, ఛోడ్తా హీ నహీ" అన్నాడు. ఏ మేస్త్రి కట్టాడో గానీ వదలడం లేదని. కోడలు నవ్వుతూ చెప్పబోయింది. నేను కళ్ళతోనే ఆపాను. ఇంకో గంట కొట్టుకోనిచ్చాను. ఆ గంటలో నలుగురైదుగురు మేస్త్రీలకి సరిపడా తిట్లు తిన్నాను, ఒక్కొక్క తిట్టూ నాకు సన్మానంలా ఉంది.

చివరికి టీలు ఇచ్చేటప్పుడు, గోడ పైన కొడితే లాభం లేదని, అడుగు వరస శ్లాబు గాట్లలోకి దిగి ఉందని, ఉలిని ఉత్తరం మూల కిందకి పెట్టమని చెప్పాను. వాడు నన్ను పైనుంచి కిందకి చూశాడు. అక్కడ పెట్టి రెండు దెబ్బలు వేశాడు. కదిలిపోయింది. తర్వాత అద్దాన్ని ఇద్దరూ పట్టుకుని గోడకి జేరవేశారు, చెక్కు చెదరలేదు. నేను నడిమింట్లోకి పోయి ఆ చిల్లు కింద కాసేపు నిలబడ్డాను. ఎండ నేరుగా నెత్తి మీద పడింది. ఇక మూసేస్తారు, నేనే చోటు చెప్పాను, ఎవరినీ అనడానికి లేదు. బాధ కలగాలి కదా అని చూసుకున్నాను. కలిగింది కొంచెం. కానీ పైనుంచి ఆ కుర్రవాడు తొంగి చూసి, "దాదీ, మిస్త్రీ ఆప్ హీ థీ?" అని అడిగాడు, మేస్త్రివి నువ్వేనా అని. ఔనన్నాను. వాడు టోపీ తీశాడు. ఇంత వయసొచ్చి, నోట్లో పన్ను లేకుండా, చిల్లు కింద నిలబడి అలా నవ్వుకుంటున్నందుకు నాకే సిగ్గేసింది, అయినా వాడు చూస్తున్నంతసేపూ అలాగే నిలబడ్డాను.